జోడియాక్ హంతకుడి ముసుగు, పద్ధతులు, మనస్తత్వం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఉత్తర కాలిఫోర్నియాలో 1968, 69 సంవత్సరాల్లో వరస హత్యలు చేసి, తనకు తానే 'జోడియాక్' అని పేరు పెట్టుకున్న ఆగంతకుడు నేటికీ దొరకలేదు. అతని గురించి తెలుగులో వచ్చేదంతా ఎక్కువగా గుప్తలిపి చుట్టూ, అనుమానితుల పేర్ల చుట్టూ తిరుగుతుంది. పాఠకులు నిజంగా అడిగేది మాత్రం వేరు. ఆ ముసుగెందుకు? ఆ ఉత్తరాలెందుకు? అంత ధైర్యం ఎక్కణ్నుంచి వచ్చింది? ఆ ప్రశ్నలకే ఇక్కడ జవాబులు. బాధితుల పేర్లు, నేరం రుజువు కాని అనుమానితుల పేర్లు కావాలనే రాయలేదు.

కేసు బొత్తిగా తెలియనివాళ్లకు ముందు నాలుగు ముక్కల్లో చెప్పండి.

పది నెలలు కూడా నిండని కాలంలో నాలుగు దాడులు. 1968 డిసెంబరు 20 రాత్రి బెనీషియా శివార్లలో, లేక్ హెర్మన్ రోడ్డు పక్కన కారు ఆపుకుని కూర్చున్న ఇద్దరు టీనేజర్లను కాల్చి చంపాడు. 1969 జులై 4 అర్ధరాత్రి వాలేహో ఊరి బ్లూ రాక్ స్ప్రింగ్స్ పార్కులో మరో జంటపై కాల్పులు జరిపాడు. అమ్మాయి చనిపోయింది, అబ్బాయి బతికాడు. సెప్టెంబరు 27 సాయంత్రం నాపా కౌంటీలోని బెర్రియెస్సా చెరువు గట్టున ఇద్దరు కాలేజీ విద్యార్థులను కట్టేసి కత్తితో పొడిచాడు. అక్కడా అమ్మాయే చనిపోయింది. అక్టోబరు 11 రాత్రి శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక టాక్సీ డ్రైవరును కాల్చి చంపాడు. మొత్తం ఐదుగురు చనిపోయారు, ఇద్దరు బతికారు. పోలీసులు రూఢిగా చెప్పే లెక్క ఇదే.

ముసుగు ప్రతిసారీ వేసుకునేవాడా?

లేదు. బొమ్మల్లో, పోస్టర్లలో చూసి చూసి చాలామంది అలా అనుకుంటారు గానీ, ముసుగు కనిపించింది ఒక్కసారే, బెర్రియెస్సా చెరువు దగ్గర. మిగతా మూడు చోట్లా ముసుగు ఊసే లేదు. ఈ కేసులో మనస్తత్వం గురించి ఏం మాట్లాడాలన్నా ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి.

ఆ రోజు చెరువు దగ్గర సరిగ్గా ఏం జరిగింది?

ఇంకా వెలుతురు ఉంది. నీటి ఒడ్డున దుప్పటి పరుచుకుని కూర్చున్న ఆ ఇద్దరిలో అమ్మాయి ముందుగా గమనించింది, దూరంగా ఒకతను తమ వైపు వస్తున్నాడని. అతను ఒక చెట్టు చాటుకు వెళ్లాడు. మళ్లీ బయటికొచ్చేసరికి తల మీద నల్లటి గుడ్డ ముసుగు ఉంది. దాని పైభాగం చదునుగా, నలుపలకలుగా ఉంది. కళ్ల దగ్గర కంతలున్నాయి, వాటి మీద కళ్లజోడుకు తగిలించే రకం నల్లద్దాలు బిగించి ఉన్నాయి. ముసుగు ముందుభాగం ఛాతీ మీదుగా కిందికి జారి వేలాడుతోంది. దాని మీద తెల్లగా ఒక గుర్తు: సున్నా, దాని మధ్యలోంచి అడ్డంగా నిలువుగా దూసుకెళ్లే గీతలు. చేతిలో తుపాకీ. నడుముకు కత్తి ఒర.

జైలు నుంచి తప్పించుకుని వచ్చానన్నాడు. గార్డును చంపానన్నాడు. మెక్సికో పారిపోవడానికి కారు, డబ్బు కావాలన్నాడు. అబ్బాయి కంగారు పడకుండా మాటల్లో పెట్టాడు. ఆ తుపాకీలో నిజంగా గుళ్లున్నాయా అని అడిగితే, తీసి చూపించాడు కూడా. ముందే ముక్కలుగా కోసి తెచ్చుకున్న ప్లాస్టిక్ తాడు, మనం బట్టలారేసుకునే రకం, అమ్మాయికిచ్చి అబ్బాయి చేతులు కట్టమన్నాడు. ఆమెను తానే కట్టాడు. ఆ తర్వాత కత్తి తీశాడు.

అడిగిన కారును తీసుకోలేదు. రోడ్డు దాకా నడిచి వెళ్లి, ఆ కారు తలుపు మీదే నల్ల స్కెచ్ పెన్నుతో తన గుర్తు గీశాడు. కింద వాలేహో పేరు, పాత రెండు దాడుల తేదీలు, ఆ రోజు తేదీ, సమయం రాసి, చివర 'కత్తితో' అని చేర్చాడు. తర్వాత 27 మైళ్ల అవతల నాపా ఊళ్లో ఒక కార్ వాష్ దగ్గరి పబ్లిక్ ఫోను నుంచి పోలీసులకు తానే ఫోన్ చేసి, రిసీవరు పక్కన వదిలేసి వెళ్లిపోయాడు.

ఎలాగూ చంపేయాలనుకున్నవాడికి ముసుగెందుకు? చూసినవాళ్లు సాక్ష్యం చెప్పలేరు కదా?

ముఖం దాచుకోవడానికే అయితే ఆ ముసుగు అర్థం లేని పని. చెట్టు చాటుకు వెళ్లక ముందు అతన్ని మామూలు ముఖంతోనే చూశారు, దూరం నుంచే అయినా. పైగా ఆ వేషం అర మైలు దూరం నుంచి కూడా కంటపడేది. అటుగా ఒక పడవో కారో వచ్చిందంటే, మామూలు చొక్కా ప్యాంటులో ఉన్నవాణ్ని ఎవరూ పట్టించుకోరు. నల్ల ముసుగువాణ్ని చూసి పట్టించుకోనివారు ఉండరు. దాక్కోవాలనుకున్నవాడు ఇలాంటిది వేసుకోడు.

కాబట్టి అది ప్రదర్శన. మన ఊళ్లలోకి పగటివేషగాళ్లు వచ్చినప్పుడు ఆ రంగులు, కిరీటం మనిషిని దాచడానికి కాదు కదా, వచ్చింది వేషమని ఊరంతా గుర్తించడానికే. ఈ ముసుగు పని కూడా అదే. ఛాతీ మీద గుర్తు వేసుకోవడం గమనించండి. ఆ గుర్తు అప్పటికే పత్రికలకు రాసిన ఉత్తరాల కింద సంతకంగా వాడుతున్నాడు. అంటే కాగితం మీది సంతకాన్ని ఒంటి మీదికి తెచ్చుకున్నాడు. చూసేవాళ్లు ఇద్దరే, వాళ్లను బతకనిచ్చే ఉద్దేశమూ లేదు. అయినా వేషం కట్టాడంటే అసలు ప్రేక్షకుడు తానే అనుకోవాలి. తన ఊహలో తనను ఎలా చూసుకుంటున్నాడో, ఆ రూపాన్ని ఒక్కసారి నిజంగా తొడుక్కుని చూసుకున్నాడు.

ఆ రూపం ఎవరిదో ఊహించడానికి చిన్న ఆధారం ఉంది. 1970 జులైలో రాసిన ఉత్తరంలో 'ది మికాడో' అనే పాత హాస్య సంగీత నాటకంలోని పాటను తన పద్ధతిలో మార్చి రాశాడు. నాటకంలో ఆ పాట పాడేది రాజ్యానికి పెద్ద తలారి, ఎవరెవరి తలలు పోవాలో జాబితా చదువుతూ. చెరువు దగ్గరి నల్ల ముసుగు కూడా తలారి ముసుగులాగే ఉందంటారు. రెంటినీ కలిపి చూడటం నా ఊహే, రుజువు కాదు. అయితే ఇతను తనను దొంగగానో, ఉన్మాదిగానో కాక శిక్ష వేసే అధికారిగా చూసుకున్నాడన్నది ఉత్తరాలు వరసగా చదివితే ఎవరికైనా తడుతుంది.

ముసుగు వేసుకుంటే మనిషి మరింత క్రూరంగా మారతాడని సైకాలజీలో ఉందంటారు. నిజమేనా?

సగం నిజం. ఈ హత్యలు జరుగుతున్న 1969లోనే ఫిలిప్ జింబార్డో అనే సైకాలజిస్టు ఒక ప్రయోగం గురించి ప్రచురించారు. కాలేజీ అమ్మాయిలకు వదులు కోట్లు, తల మీద ముసుగులు వేసి, మరో మనిషికి కరెంటు షాకు ఇమ్మన్నారు (షాకు నిజం కాదు, ఆ సంగతి వాళ్లకు తెలియదు). ముసుగులో ఉన్నవాళ్లు, పేరు ముఖం తెలిసేలా కూర్చున్నవాళ్ల కంటే దాదాపు రెట్టింపు సేపు షాకు ఇచ్చారు. నేనెవరో తెలియదన్న ధీమా లోపలి అడ్డుకట్టను సడలిస్తుందన్నది దీని సారం. 1976లో సియాటిల్‌లో హాలోవీన్ వేషాలు వేసుకున్న పిల్లల మీద చేసిన అధ్యయనంలోనూ, పేరు చెప్పనక్కర్లేని పిల్లలు, ముఖ్యంగా గుంపులో ఉన్నప్పుడు, చెప్పినదానికంటే ఎక్కువ చాక్లెట్లు నొక్కేశారు.

ఇక్కడితో ఆపేసేవాళ్లే ఎక్కువ. 1979లో ఇద్దరు పరిశోధకులు ఇదే తరహా ప్రయోగాన్ని ఇంకో మలుపు తిప్పారు. కొందరికి కు క్లక్స్ క్లాన్ (అమెరికాలో నల్లజాతివాళ్లపై దాడులకు పేరుమోసిన తెల్లజాతి ముఠా) వేషాన్ని తలపించే బట్టలు, కొందరికి నర్సు దుస్తులు ఇచ్చారు. నర్సు దుస్తుల్లో ఉన్నవాళ్లు, అందులోనూ ఎవరో తెలియకుండా ఉన్నవాళ్లు, షాకు తగ్గించారు. అంటే ముసుగు తనంతట తాను క్రూరత్వం నేర్పదు. వేషం ఏ పాత్రదో ఆ పాత్ర వైపు తోస్తుంది.

జోడియాక్ విషయంలో ఇది కూడా ఒక మేరకే వర్తిస్తుంది. ప్రయోగశాలలో వేషం ఇంకొకరు ఇస్తారు. ఇతను గుడ్డ తానే ఎంచుకున్నాడు, గుర్తు తానే వేసుకున్నాడు, నల్లద్దాలు తానే బిగించుకున్నాడు. అంతకు ముందే ముసుగు లేకుండా రెండు దాడులు చేశాడు. కాబట్టి ముసుగు అతన్ని హంతకుణ్ని చేయలేదు.

ముసుగు లేని మిగతా దాడుల్లో మారువేషమే లేదా?

ఉంది, గుడ్డ రూపంలో కాదు. బ్లూ రాక్ స్ప్రింగ్స్ పార్కులో ఒక కారు వచ్చి ఆగింది, వెళ్లిపోయింది, కాసేపటికి మళ్లీ వచ్చింది. దిగినవాడు గట్టి టార్చి వెలుగు కళ్లల్లో కొడుతూ నడిచొచ్చాడు. కారులోని ఇద్దరూ పోలీసులే అనుకున్నారు. ఐడీ కార్డు అడుగుతారేమోనని తీయబోయారు కూడా. ఆ వెలుగే అతని ముసుగు. ఎదుటివాడికి అతని ముఖం కనబడదు, అదే సమయంలో అధికారం ఉన్న మనిషన్న భ్రమ కలుగుతుంది.

శాన్‌ఫ్రాన్సిస్కోలో అతని వేషం మామూలు ప్రయాణికుడు. ఊరి నడిబొడ్డున టాక్సీ ఎక్కి ప్రెసిడియో హైట్స్ అనే ఖరీదైన పేటకు పోనిమ్మన్నాడు. చెరువు దగ్గర జైలు నుంచి పారిపోయిన ఖైదీ. పోలీసు, ఖైదీ, ప్రయాణికుడు: ప్రతిసారీ ఎదుటివాళ్లు ఎలా ప్రవర్తించాలో ముందే తెలిసిన పాత్రనే ఎంచుకున్నాడు. పోలీసు అనుకుంటే కదలకుండా కూర్చుంటాం. డబ్బు కోసం వచ్చిన ఖైదీ అనుకుంటే, ఇచ్చేస్తే వెళ్లిపోతాడులే అని చెప్పినట్టు వింటాం. ప్రయాణికుడికి డ్రైవరు వీపు చూపించే కూర్చుంటాడు.

ఖైదీ కథ అంత వివరంగా చెప్పాల్సిన అవసరం ఏమిటి? తుపాకీ చాలదా?

తుపాకీ చూపిస్తే మనిషి పారిపోవచ్చు, తిరగబడొచ్చు. ప్రాణం పోతుందని తెలిసినవాడు ఏమైనా చేస్తాడు. డబ్బుతో పోతుందని నమ్మినవాడు చేతులు కట్టించుకుంటాడు. ఆ కథ పని అదే, ఆశ చూపించి లొంగదీసుకోవడం. కాలిఫోర్నియాలోనే 70లలో, 80లలో ఇళ్లలో చొరబడి అత్యాచారాలు, హత్యలు చేసిన 'గోల్డెన్ స్టేట్ కిల్లర్' కూడా ముసుగుతో వచ్చి, భార్య చేతనే భర్తను కట్టించేవాడు. తనకు కావలసింది తిండి, డబ్బు మాత్రమేనని నమ్మించేవాడు. ఇద్దరి మధ్యా సంబంధం లేదు. ఒకే లెక్క ఇద్దరికీ తట్టింది, అంతే.

దీనికి ఇంకో కోణం ఉంది, అది చెప్పడానికే కష్టంగా ఉంటుంది. ఆ మాటలు సాగినంతసేపూ ఏం జరగబోతోందో తెలిసినవాడు అక్కడ ఒక్కడే. అలాంటి హంతకులకు ఆ తేడాయే కిక్కు అంటారు నేర మనస్తత్వ శాస్త్రవేత్తలు.

శాన్‌ఫ్రాన్సిస్కోలో పోలీసులే అతన్ని చూసి వదిలేశారంటారు. అదెలా?

టాక్సీ డ్రైవరును కాల్చాక అతను పర్సు, తాళాలు తీసుకుని, డ్రైవరు చొక్కా ముక్క చింపుకుని, కారు తుడుస్తుండగా, ఎదురింటి కిటికీలోంచి ముగ్గురు పిల్లలు చూశారు. వెంటనే పోలీసులకు ఫోన్ చేశారు. రేడియోలో మాత్రం నిందితుడు నల్లజాతివాడని తప్పుగా వెళ్లింది. అటు వస్తున్న గస్తీ కారులోని ఇద్దరు పోలీసులకు, పొట్టి క్రాపు, కళ్లజోడుతో తాపీగా నడుచుకుంటూ వెళ్తున్న ఒక తెల్లవాడు కనిపించాడు. వాళ్లు వెతుకుతున్నది అతన్ని కాదాయె. వదిలేశారు.

నన్నడిగితే అతని అసలైన మారువేషం ఇదే. చెరువు దగ్గర అంత శ్రద్ధగా తయారుచేసుకున్న ముసుగు అతన్ని ఎవరి నుంచీ కాపాడలేదు, అక్కడ కాపాడాల్సిన అవసరమే రాలేదు. అవసరం వచ్చిన ఒకే ఒక్కసారి అతన్ని కాపాడింది సాదాసీదా ముఖం, మామూలు నడక, ఆ పేటలో ఎవరు అనుమానితులో ఎవరు కారో అన్న జనం అలవాటు. ఆ అలవాటు అతను కుట్టుకున్నది కాదు. ఊరే ఇచ్చింది.

"చంపేటప్పుడు మాత్రమే ఆ రూపంలో ఉంటాను" అని రాశాడు కదా. నమ్మొచ్చా?

1969 నవంబరు 9 తేదీతో ఏడు పేజీల ఉత్తరం రాశాడు. పోలీసులు విడుదల చేసిన ఊహాచిత్రం తాను 'పని' మీద ఉన్నప్పటిదేననీ, మిగతా వేళల్లో పూర్తిగా వేరేలా ఉంటాననీ అందులో ఉంది. ఆ మారువేషం ఏమిటో చెప్పనన్నాడు. వేలిముద్రలు పడకుండా వేళ్ల కొసలకు బొమ్మ విమానాలు అతికించే జిగురు రెండు పూతలు పూసుకుంటానని కూడా రాశాడు. ఇద్దరు పోలీసులు తనను ఆపి మాట్లాడారనీ రాశాడు. ఆ ఇద్దరిలో ఒక పోలీసు మాత్రం చూశామే తప్ప ఆపలేదన్నాడు.

ఉత్తరం ఎప్పుడు వచ్చిందో చూడండి. మొట్టమొదటిసారి అతని ముఖం ఊరంతా అతికించారు. మొట్టమొదటిసారి దొరికిపోయే దాకా వచ్చాడు. నెల తిరక్కుండానే "అది నేను కాదు, నా వేషం" అన్నాడు. భయపడ్డవాడు అనాల్సిన మాటే అది. పూర్తిగా అబద్ధమని నేననను, ఏదో కొంత మార్పు చేసుకుని ఉండొచ్చు. అయితే దాన్ని మేధావి పన్నాగంగా చదవడం కంటే, కంగారును గొప్పలతో కప్పుకోవడంగా చదివితేనే మిగతా ఉత్తరంతో అతుకుతుంది. ఇకపై తన హత్యలు ప్రకటించననీ, మామూలు దోపిడీల్లా, ప్రమాదాల్లా కనిపించేలా చేస్తాననీ అందులోనే రాశాడు. దానివల్ల అతనికొచ్చిన లాభం గమనించారా? ఆ తర్వాత ఊళ్లో ఏ హత్య జరిగినా తన ఖాతాలో వేసుకోవచ్చు, చేతికి మట్టి అంటకుండా.

ఒకసారి తుపాకీ, ఒకసారి కత్తి. సీరియల్ కిల్లర్లు ఒకే పద్ధతిలో చంపుతారంటారు కదా?

సినిమాల వల్ల వచ్చిన అభిప్రాయం. దర్యాప్తు అధికారులు రెండింటిని విడదీసి చూస్తారు. నేరం జరిగిపోవడానికి అవసరమైనవి, అంటే ఆయుధం, చోటు, వేళ, తప్పించుకునే దారి, ఇవన్నీ 'మోడస్ ఆపరెండీ'. అనుభవం వచ్చేకొద్దీ ఇది మారుతుంది. నేరానికి ఏమాత్రం అవసరం లేకపోయినా హంతకుడి మనసు కోరేది 'సిగ్నేచర్', అతని ముద్ర. అది అంత తేలిగ్గా మారదు.

జోడియాక్ మొదటిసారి పాయింట్ 22 తుపాకీ వాడాడు, తర్వాత 9 ఎంఎం, తర్వాత కత్తి, చివర మళ్లీ 9 ఎంఎం. జంటల నుంచి ఒంటరి డ్రైవరుకు మారాడు, నిర్జన ప్రదేశం నుంచి నగరం వీధికి వచ్చాడు. మారనిది ఒక్కటే: చేసింది తానేనని చాటుకోవడం. జులైలో ఫోను, ఉత్తరాలు. సెప్టెంబరులో కారు తలుపు, ఫోను. అక్టోబరులో చింపుకెళ్లిన చొక్కా ముక్క ఉత్తరంలో పెట్టి పత్రికకు పంపడం. ఇవేవీ హత్యకు అవసరం లేదు, పైగా ప్రమాదం. నాపాలో వదిలేసిన ఫోను మీద తడి ఆరని అరచేతి ముద్ర దొరికింది. అంత ప్రమాదం ఉన్నా మానుకోలేకపోయాడంటే అతని ముద్ర అక్కడుంది. కత్తి, ముసుగు కాదు.

వారం రోజుల లెక్క కూడా మారలేదు. నాలుగు దాడులూ శుక్రవారమో శనివారమో జరిగాయి. వారమంతా ఏదో ఉద్యోగం చేసుకునేవాడై ఉంటాడని పోలీసులు అనుకోవడానికి అదొక కారణం.

జంటలనే ఎందుకు ఎంచుకున్నాడు? ప్రేమలో విఫలమైనవాడా?

అలా అనుకునేవాళ్లు చాలామందే ఉన్నారు. బతికిన ఇద్దరూ మగవాళ్లే, చెరువు దగ్గర అమ్మాయికే ఎక్కువ పోట్లు తగిలాయి. కాబట్టి ఆడవాళ్ల మీద కసి, జంటల మీద అసూయ అంటారు. కావచ్చు. ఊరి బయట చీకట్లో కారు ఆపుకుని కూర్చునేది జంటలే కాబట్టి దొరికింది జంటలే అన్నది కూడా అంతే బలమైన జవాబు. నాలుగో దాడిలో బాధితుడు ఒంటరి మగవాడు కావడంతో మొదటి సిద్ధాంతానికి బీట పడింది.

ఉత్తరాలు రాయకుండా ఉంటే ఇంకా క్షేమంగా ఉండేవాడు కదా?

ఉండేవాడు. మొదటి హత్యల తర్వాత ఆరు నెలలకు పైగా పోలీసులకు ఏ జాడా దొరకలేదు. 1969 జులై 31న మూడు పత్రికలకు, వాలేహో టైమ్స్ హెరాల్డ్, శాన్‌ఫ్రాన్సిస్కో క్రానికల్, శాన్‌ఫ్రాన్సిస్కో ఎగ్జామినర్‌లకు, ఉత్తరాలు పంపాడు. గుప్తలిపిని మూడు ముక్కలు చేసి తలా ఒకటి ఇచ్చాడు. మొదటి పేజీలో వేయకపోతే మరిన్ని హత్యలు చేస్తానన్నాడు. అంటే మూడు ఆఫీసులూ కలిసి తన కోసం పనిచేయాలి. 'జోడియాక్' అనే పేరు పుట్టింది ఆ తర్వాత ఆగస్టులో, పోలీసు అధికారి మరిన్ని వివరాలు కావాలని పత్రికాముఖంగా అడిగినందుకు ఇచ్చిన జవాబులో.

ఇక్కడ చిక్కుముడి ఒకటుంది. పేరు కావాలి, పేరు బయటపడకూడదు. ముఖం తెలియకూడదు, మనిషి అందరికీ తెలియాలి. జోడియాక్ అనే పేరు, ఆ గుర్తు, చివరికి ఆ ముసుగు, ఇవన్నీ ఆ రెండు కోరికల మధ్య కుదుర్చుకున్న రాజీ. కీర్తి వేషానికి, క్షేమం మనిషికి. 1970 వసంతంలో జనమంతా తన గుర్తున్న బ్యాడ్జీలు పెట్టుకుని తిరగాలని అడిగాడు. ఎవరూ పెట్టుకోలేదు. దాని మీద జూన్‌లో అలిగి ఇంకో ఉత్తరం రాశాడు. భయపెట్టేవాడు అలగడం, ఈ కేసు మొత్తంలో అతన్ని ఇంత దగ్గరగా చూపించే సంగతి ఇంకోటి లేదు.

జులైలో పోలీసులకు వచ్చిన ఫోన్ గురించి కూడా చెప్పాలి. ఎత్తిన ఆపరేటరు తర్వాత చెప్పింది, ఆ గొంతు చదివి అప్పజెప్పినట్టుగా ఉందని. ముందే రాసుకుని, సాధన చేసుకుని మాట్లాడాడన్నమాట.

గుప్తలిపులు చూస్తే మేధావి అనిపిస్తాడు. నిజమేనా?

మొదటి గుప్తలిపిలో 408 గుర్తులున్నాయి. సలీనాస్ ఊరి హైస్కూలు టీచరు, ఆయన భార్య వారం లోపే విప్పేశారు. ఆమె చేసిన ఊహ మనస్తత్వానికి సంబంధించినదే. ఇంత అహంకారి తప్పకుండా 'నేను' అనే మాటతో మొదలుపెడతాడు, 'చంపడం' అనే మాట పదేపదే వాడతాడు అనుకుంది. రెండూ నిజమయ్యాయి. లోపల ఉన్నదేమిటి? చంపడం సరదాగా ఉంటుందనీ, అడవి జంతువుల వేట కంటే మజా అనీ, చచ్చినవాళ్లు పరలోకంలో తనకు బానిసలవుతారనీ. పేరు మాత్రం చెప్పనన్నాడు.

1969 నవంబరులో పంపిన 340 గుర్తుల లిపి 51 ఏళ్లు ఎవరికీ లొంగలేదు. 2020 డిసెంబరులో అమెరికా, ఆస్ట్రేలియా, బెల్జియంలకు చెందిన ముగ్గురు ఔత్సాహికులు కంప్యూటరు సాయంతో విప్పారు, ఎఫ్‌బీఐ ధ్రువీకరించింది. అక్షరాలను వరసగా కాక ఏటవాలుగా పేర్చడం వల్లే అంతకాలం పట్టింది. లోపల మళ్లీ అవే గొప్పలు, మరణశిక్ష అమలు చేసే గ్యాస్ చాంబరంటే భయం లేదనీ, బానిసలు సిద్ధంగా ఉన్నారనీ. స్వర్గం అనే ఇంగ్లిషు మాటకు స్పెల్లింగు కూడా తప్పే. లిపి కట్టడంలో ఓపిక ఉంది, సందేహం లేదు. చెప్పడానికి మాత్రం విషయం లేదు.

బానిసలు, పరలోకం అంటున్నాడంటే మతి తప్పినవాడా? 'సైకో' అనొచ్చా?

మన టీవీ ఛానళ్లకు సైకో అంటే ఎవరైనా కావచ్చు. 2015లో గోదావరి జిల్లాల్లో బైకు మీద వచ్చి ఆడవాళ్లకు సూది గుచ్చి పోయినవాణ్ని 'సూది సైకో' అన్నారు, ఆ పేరే నిలిచింది. వైద్యంలో మాత్రం లేనివి కనిపించి వినిపించి, వాస్తవం నుంచి తెగిపోయే సైకోసిస్ వేరు. జాలి, పశ్చాత్తాపం కొరవడి, ఎదుటివాళ్లను వస్తువుల్లా చూసే సైకోపతీ వేరు. తాడు ముందే కోసుకుని రావడం, నాలుగు వేర్వేరు పోలీసు పరిధుల్లో దాడి చేయడం, పత్రికల డెడ్‌లైన్లతో ఆడుకోవడం చూస్తే, వాస్తవం నుంచి తెగిపోయినవాడిలా లేడు. బానిసల కథ నమ్మాడో, జనం వణకడానికి రాశాడో తేల్చే దారి లేదు. ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడని మనిషికి ఏ డాక్టరూ రోగం పేరు రాయకూడదు.

37 మందిని చంపానన్నాడు కదా?

1974 జనవరి ఉత్తరంలో తన స్కోరు 37, శాన్‌ఫ్రాన్సిస్కో పోలీసుల స్కోరు సున్నా అని రాశాడు. రుజువైనవి ఐదు. చొక్కా ముక్క పంపినవాడు మిగతా 32 మందికి ఒక్క ఆధారం కూడా పంపలేదు.

చివరికి ఎందుకు ఆగిపోయాడు? ఇలాంటివాళ్లు ఆగలేరంటారు.

ఆగగలరు. కాన్సస్ రాష్ట్రంలో పది హత్యలు చేసి, తనకు తానే 'బీటీకే' అని పేరు పెట్టుకుని పత్రికలకు ఉత్తరాలు రాసిన డెనిస్ రేడర్ 1991 తర్వాత ఎవరినీ చంపలేదు. చర్చి సంఘానికి అధ్యక్షుడిగా, పిల్లల తండ్రిగా బతికాడు. 2004లో మళ్లీ ఉత్తరాల దురద పుట్టి, పంపిన ఫ్లాపీ డిస్కు వల్ల 2005లో దొరికాడు. సీరియల్ కిల్లర్లు ఆగలేరన్నది అపోహేనని ఎఫ్‌బీఐ నివేదిక కూడా అతన్ని చూపించే చెప్పింది.

జోడియాక్ విషయంలో అక్టోబరు రాత్రి అంత దగ్గరలో పోలీసులు ఎదురుపడటం ఒక కారణం అయ్యుండొచ్చు. ఆ తర్వాత హత్యలు లేవు, రుజువైనంత వరకు. ఉత్తరాలు మాత్రం నాలుగేళ్లకు పైగా సాగాయి. చంపకుండానే జోడియాక్‌గా బతకొచ్చని తెలిసొచ్చిందేమో. ఒక బ్యాడ్జీ గొడవ, ఒక బాంబు బెదిరింపు, ఒక మ్యాపు, మొదటి పేజీలో చోటు.

సైకలాజికల్ ప్రొఫైల్ చూసి హంతకుణ్ని పట్టుకోవచ్చా?

నేరం తీరును బట్టి నేరస్థుడి స్వభావాన్ని అంచనా కట్టే, అంటే ప్రొఫైల్ గీసే ఎఫ్‌బీఐ ప్రవర్తన విభాగం పుట్టిందే 1972లో, ఈ హత్యల తర్వాత. వాళ్లు ప్రచారంలోకి తెచ్చిన 'పద్ధతిగలవాడు, పద్ధతిలేనివాడు' అన్న విభజనను బ్రిటిష్ సైకాలజిస్టు డేవిడ్ కాంటర్ బృందం 2004లో వంద మంది అమెరికన్ సీరియల్ కిల్లర్ల నేరాలతో పోల్చి చూస్తే నిలబడలేదు. చాలామందిలో రెండు లక్షణాలూ కలిసే ఉన్నాయి. ప్రొఫైల్ వెతికే దిక్కును చూపించగలదు, తలుపు నంబరు చెప్పలేదు. గోల్డెన్ స్టేట్ కిల్లర్ 2018లో 72 ఏళ్ల వయసులో దొరికాడు. ఒకప్పుడు పోలీసు ఉద్యోగి. పట్టించింది అతని దూరపు బంధువుల డీఎన్‌ఏ, వంశవృక్షం.

బే ఏరియాలో ఉంటాం. ఆ చోట్లు చూడొచ్చా?

బెర్రియెస్సా చెరువు ఇప్పటికీ జనం పిక్నిక్‌కు వెళ్లే చోటే. నాపా వైపు వారాంతం గడిపే తెలుగు కుటుంబాలు ఆ దారిలోనే పోతుంటాయి. ప్రెసిడియో హైట్స్‌లో మాత్రం అది మనుషులు కాపురముంటున్న వీధి. ఇళ్ల ముందు నిలబడి ఫోటోలు తీయకండి.

ఇప్పటికైనా దొరికే అవకాశం ఉందా?

అనుమానితులు చాలామందే వచ్చారు. పోలీసులు బహిరంగంగా పేరు చెప్పిన ఒకే ఒక్కడి ఇంటిని పలుమార్లు సోదా చేశారు. వేలిముద్రలు, చేతిరాత కలవలేదు, అతను 1992లో చనిపోయాడు. శాన్‌ఫ్రాన్సిస్కో పోలీసులు 2004లో కేసు పక్కన పెట్టి, తర్వాత మళ్లీ తెరిచారు. చేతిలో ఉన్నవి కవర్లు, స్టాంపులు, కొన్ని అసంపూర్ణ వేలిముద్రలు, బూటు అచ్చులు. స్టాంపు వెనక జిగురులోంచి 2002లో తీసిన డీఎన్‌ఏ కొంత భాగమే, దానితో వంశవృక్షం గీయడం కుదరదు. పైగా ఆ స్టాంపు తడిపింది హంతకుడేనన్న ఖాయమూ లేదు.